రెండు ఉక్కునగరములు – ఒక సంస్కరణ వాఙ్మయము

1912 ఫిబ్రవరి 16వ తేదీన సాక్చీలోని టాటావారి కర్మాగారమునుండి మొదటి ఉక్కుదిమ్మె వెలువడినది. 1932 ఫిబ్రవరి 1వ తేదీన, ఉరల్ పర్వతముల దక్షిణభాగమున, సోవియట్ ప్రభుత్వము నిర్మించిన కొలిమినుండి మొదటి ఇనుము జాలువారినది. మొదటి ఊరు నేటి జంషెడ్‌పూరు, రెండవది మాగ్నితోగోర్‌స్క్. ఒకటి స్వదేశీ వర్తకుల మూలధనముతో పుట్టినది. వేరొకటి పంచవర్షప్రణాళికతో పుట్టినది. అయినను రెండు కర్మాగారములకును నమూనాలు గీసి యిచ్చినవారు అమెరికా ఇంజనీర్లే. పట్టణపు రూపకల్పనలో రెండుచోట్లను జర్మను వాస్తుశిల్పుల చేయి కలదు. మాగ్నితోగోర్‌స్క్‌కు ఎర్న్‌స్ట్ మే, జంషెడ్‌పూరునకు 1940లలో ఓటో కోనిగ్స్‌బర్గర్ ప్రణాళికలు వేసిరి. సిద్ధాంతములు వేరైనను, కొలిమిచుట్టు ఊరు కట్టవలసివచ్చినప్పుడు మనుష్యులకు తోచిన ఉపాయములు ఒక్కతీరుననే యున్నవి.

ఈ పోలికను ఇచట ఎత్తుటకు కారణము ఒక గ్రంథము. అమెరికా చరిత్రకారుడు స్టీఫెన్ కోట్కిన్ రచించిన ‘స్టీల్‌టౌన్, యు.ఎస్.ఎస్.ఆర్.’ను 1991లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రకటించినది. గోర్బచేవ్ సంస్కరణలనుగూర్చి ఆంగ్లమున వచ్చిన పుస్తకములు అలమరలు నిండునన్ని యున్నవి. వానిలో అధికభాగము క్రెమ్లిన్ గోడలలోపలనే తిరుగును: ఎవరు ఎవరిని తొలగించిరి, ఏ సభలో ఎవరు ఏమనిరి. కోట్కిన్ అట్లుగాక ఒక ఊరిని ఎన్నుకొనెను. విదేశీయులకు అనేక దశాబ్దములు మూసియున్న మాగ్నితోగోర్‌స్క్‌లో 1987లోను, మరల 1989లోను నివసించి, ఆ ఊరి పత్రిక చదివి, వారి క్యూలలో నిలిచి, వారి సభలలో కూర్చుండి ఈ గ్రంథమును వ్రాసెను. తెలుగు రచయితలు దీనిని ఎందుకు చదువవలెనని ప్రశ్నించువారికి సమాధానము జంషెడ్‌పూరులోనే యున్నది.

జంషెడ్‌పూరు తెలుగువారికి పరాయి ఊరు కాదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి పోయి టాటావారి కొలుములయొద్ద బ్రదుకు వెదకికొన్న కుటుంబములకు అచట తరములు గడచినవి. బిష్టుపూరులోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరము ఆ వలసకు నిలువెత్తు గుర్తు. ఆ ఊరి బిడ్డ పుట్టునది కంపెనీ ఆసుపత్రిలో. చదువునది కంపెనీ బడిలో. పెరుగునది కంపెనీ క్వార్టరులో. త్రాగునది కంపెనీ నీరు. ఇది నిందగా చెప్పుమాట కాదు. 1912లోనే ఎనిమిదిగంటల పనిదినమును అమలుపరచిన సంస్థ అది. ఆనాటికి ఐరోపాలో సైతము అది సర్వసామాన్యము కాదు. అన్నము పెట్టు చేయియు, ఊరిని ఏలు చేయియు ఒక్కటియే యైనప్పుడు మనుష్యుని నోటికి ఏమగును అనునది ప్రశ్న. కోట్కిన్ గ్రంథము ఆద్యంతము ఈ ప్రశ్ననే అడుగుచున్నది. రచయిత తలపులో జంషెడ్‌పూరు లేకపోవచ్చును. చదువరి తలపులో ఉండుట చాలును.

మాగ్నితోగోర్‌స్క్ 1980లలో ఏటా 1 కోటి 50 లక్షల టన్నులకు మించి ఉక్కు తీయుచుండెడిది. జంషెడ్‌పూరు అప్పటికి 20 లక్షల టన్నుల స్థాయిలోనే యున్నది. పరిమాణమును చూచి మొదటిదానిని మహాకాయముగా ఎంచినవారు కొలుముల వయస్సును చూడలేదు. టాటావారు 1980ల ఆరంభముననే ఆధునికీకరణకు పూనుకొని ఆమ్లజనిని ఊది ఉక్కుచేయు ఎల్.డి. పద్ధతిని తెచ్చిరి. మాగ్నితోగోర్‌స్క్ మాత్రము ఆ దశాబ్దము చివరివరకును పాత ఓపెన్ హార్త్ కొలుములనే నమ్ముకొనియుండెను. ప్రణాళికాసంఘము లెక్క టన్నులలోనే కాని మేలిమిలో గాని ఖర్చులో గాని కాదు. కోట్కిన్ ఈ విషయమును పొడి ఆర్థికశాస్త్రముగా చెప్పడు. అంత ఉక్కు తీయు ఊరిలో మాంసము, చక్కెర, సబ్బు దొరకక జనులు వరుసలలో నిలిచిన దృశ్యముప్రక్కన ఆ టన్నుల లెక్కను ఉంచును. వ్యాఖ్య చేయడు. ఈ నిగ్రహము చరిత్రకారులలో అరుదు.

గ్రంథమునకు ప్రాణమైన భాగము ‘గ్లాస్‌నోస్త్’ ఆ ఊరిలో ప్రవేశించిన విధమును చెప్పునది. ‘మాగ్నితోగోర్‌స్కీ రబోచీ’ అను స్థానిక దినపత్రిక దశాబ్దములతరబడి కొలుముల విజయవార్తలను అచ్చువేయుటకే పుట్టినట్లుండెను. ఆ పత్రికయే కర్మాగారపు పొగనుగూర్చియు, ఇండ్ల కొరతనుగూర్చియు, అంగళ్లలోని శూన్యమునుగూర్చియు వ్రాయనారంభించినది. అటుపిమ్మట గతము వంతు వచ్చినది. ఉత్సాహవంతులైన యువజనులు స్వచ్ఛందముగా వచ్చి కట్టిరని పాఠ్యపుస్తకములు చెప్పిన ఊరిని, భూములు లాగుకొనబడి బలవంతముగా తరలింపబడిన వేలాది రైతుకుటుంబములు సైతము కట్టినవని బయటపడెను. ఇతర నగరములకు స్తాలిన్ యుగము చరిత్రలో ఒక అధ్యాయము. మాగ్నితోగోర్‌స్క్‌కు అది జన్మపత్రిక. ఆ యుగమును నిందించినచో ఊరు తన పుట్టుకనే నిందించుకొనవలెను. ముసలి కార్మికుడు తన యౌవనమంతయు ధారపోసి కట్టినదానిని అబద్ధమనుకొనవలెనా? ఆనాటి రష్యను నాటకములలోనైనను ఇంతకన్న తీవ్రమైన సంఘర్షణ దొరకునా యనునది సందేహమే.

1989 మార్చి 26వ తేదీన ప్రజాప్రతినిధుల మహాసభకు ఎన్నికలు జరిగినవి. 2,250 స్థానములలో 1,500 స్థానములకు ఒకరికి మించి అభ్యర్థులు నిలుచుటకు అవకాశము కలిగినది. మిగిలిన 750 పార్టీకిని, ఇతర సంస్థలకును కేటాయింపబడినవి. లోపభూయిష్ఠమైన ఎన్నికయే. కాని ఒక్కపేరే గల పత్రమును పెట్టెలో వేయుట తప్ప ఎరుగని ఓటరునకు ఒక పేరును కొట్టివేయు స్వాతంత్ర్యము లభించినది. అంతకుముందే, 1987 నాటి రాజ్యసంస్థల శాసనము, కర్మాగారపు అధికారిని కార్మికసముదాయము ఎన్నుకొనవచ్చునని చెప్పినది. 1990 నాటికి ఆ ఏర్పాటును తొలగించిరి. సంస్కరణచరిత్రలో దీనిని ఎవరును అంతగా పట్టించుకొనరు. ఉక్కునగరమున నిలిచి చూచువానికి మాత్రము అది మహాసభ ఎన్నికకన్న పెద్ద సంగతి.

అదే నెలలో జంషెడ్‌పూరులో ఏమి జరుగుచుండెను? ఏటేట మార్చి 3వ తేదీన జరుగు సంస్థాపకదినోత్సవము ఆ సంవత్సరము జంషెట్జీ టాటా నూటయేబదవ జయంతియై వచ్చినది. ఊరికి 1924నుండి నోటిఫైడ్ ఏరియా కమిటీయే కాని ప్రజలు ఎన్నుకొన్న పురపాలకసంఘము లేదు. వలదా, కావలెనా యను వివాదము 1980ల చివర సుప్రీంకోర్టువరకు పోయినది. విచిత్రమేమనగా, ఆ ఊరివారిలో పెక్కురు పురపాలకసంఘము వలదనిరి. ఎన్నికైనవారు కొళాయిలకు నీరు తేగలరో లేదో. కంపెనీ తెచ్చుచున్నది గదా! ఈ వాదమును మూఢత్వమని త్రోసివేయుట తేలిక. కోట్కిన్ చూపిన మాగ్నితోగోర్‌స్క్ కార్మికుడును ఇట్టి వాదమునే చేసెను. పార్టీని తిట్టుటకు వెనుదీయనివాడు, ఇల్లును పిల్లలబడిని విశ్రాంతిగృహమును ఇచ్చు కర్మాగారమును విడిపోవుటకు జంకెను. స్వేచ్ఛకును భద్రతకును మధ్య గల ఈ జంకును, పెట్టుబడిదారీ విధానమనియు సామ్యవాదమనియు రెండు పెట్టెలు మాత్రమే గల విమర్శకుడు ఏ పెట్టెలోను పెట్టలేడు.

జంషెడ్‌పూరు నోరెత్తని ఊరనుకొనరాదు. 1920లోను, 1928లోను సమ్మెలు జరిగినవి. సుభాస్ చంద్రబోసు అచటి కార్మికసంఘమునకు అధ్యక్షుడుగా నుండెను. 1956లో యాజమాన్యమును, గుర్తింపుపొందిన సంఘమును సంయుక్త సంప్రదింపుల ఒడంబడిక చేసికొన్న రెండేండ్లకే, 1958 మే నెలలో, కేదార్ దాస్ నాయకత్వమున కమ్యూనిస్టు సంఘము పెద్ద సమ్మె నడిపినది. ఆ సమ్మె ఓడిపోయినది. మాగ్నితోగోర్‌స్క్ కార్మికునకు 1989కి ముందు అట్టి ఓటమికైనను అవకాశము లేకపోయెను. కార్మికరాజ్యమున సమ్మె ఎవరిమీద చేయుదురు అని అడిగి అతని నోరు మూసిరి. 1989 జులైలో సైబీరియాలోని కుజ్‌బాస్ బొగ్గుగనులలో లక్షలాది కార్మికులు పని మాని వీథులలో కూర్చుండిరి. వారి కోరికల పట్టికలో స్నానమునకు సబ్బు కావలెనన్న కోరిక యుండుట లోకమునకు ఎరుకయే. సంస్కరణ పైనుండి దిగివచ్చినదన్న మాట ఆ నెలతో సగము సత్యమైనది.

కోట్కిన్ గ్రంథమున కొరత లేకపోలేదు. ఇది సామాజికచరిత్ర, దీనికి క్యూ కనబడును, క్యూనుండి ఇల్లు చేరిన స్త్రీ వంటింటిలో తలుపు వేసికొని ఏమనుకొన్నదో వినబడదు. సభలలో మాటలాడినవారి గొంతు గ్రంథమునిండ వినవచ్చును. వెనుకవరుసలో కూర్చుండి ఏమియు అనక వెడలిపోయినవారు లెక్కకు రారు. ఊరిలోని పెద్దలోకము అట్టివారిదే. ఈ కొరతను చరిత్రకారుడు తీర్చలేడు, కథకుడే తీర్చవలెను.

తీర్చగల కథకులు ఆనాటి రష్యాలో నుండిరి. గోర్బచేవ్ 1985 మార్చిలో అధికారమునకు వచ్చిన రెండు మూడేండ్లలో రష్యను మాసపత్రికలు ప్రకటించిన పుస్తకములు ఒక శతాబ్దమునకు సరిపడునవి. అన్నా అహ్మాతవా ‘రెక్వియెమ్’, రిబకోవ్ ‘అర్బాత్ బాలలు’ 1987లో వచ్చినవి. ప్లతోనోవ్ 1930లో వ్రాసిన ‘కొత్లవాన్’ అదే సంవత్సరము ‘నోవీ మీర్’ పత్రికలో స్వదేశపు వెలుగు చూచినది. పాస్తర్‌నాక్ ‘డాక్టర్ జివాగో’, గ్రోస్‌మన్ ‘జీవితము, విధి’ 1988లో వచ్చినవి. సోల్‌జెనిత్సిన్ ‘గులాగ్’ గ్రంథభాగములు 1989లో వచ్చినవి. తెలుగువారు రష్యను సాహిత్యమును తమదిగా చేసికొన్నంతగా ఇతర భాషలవారు చేసికొన్నది తక్కువ. టాల్‌స్టాయి, గోర్కీ, చేహవ్ విశాలాంధ్రవారి దుకాణములలో అతి స్వల్పమైన వెలకు లభించిరి. మాస్కోలో కూర్చుండి ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డివంటి సమర్థులు వారిని తెలుగు చేసిరి. ఐత్‌మాతవ్ ‘జమీల్యా’ను తమ ఊరి కథవలె చదువుకొన్న తెలుగు పాఠకులు లెక్కకు మిక్కిలి. ఆ ఐత్‌మాతవే 1986లో ‘ప్లాఖా’ వ్రాసి, మత్తుమందుల వ్యాపారమును, విశ్వాసరాహిత్యమును, గడ్డిమైదానములపై జరిగిన జంతుసంహారమును నిర్మొగమాటముగా చిత్రించెను. ‘జమీల్యా’ను చేతికందించిన ముద్రణవ్యవస్థ ఆ ‘ప్లాఖా’వద్ద తడబడినది. మెల్లగా కదలుట దానికి స్వభావము. అది కదలువేళకు 1991 వచ్చి ఆ వ్యవస్థయే లేకపోయినది.

ఇచట ఒక కఠినసత్యమును ఒప్పుకొనవలెను. ఒక దేశపు వాఙ్మయమును ఆ దేశప్రభుత్వపు ఖర్చుమీదనే తెచ్చుకొనుటకు అలవాటుపడిన భాష, ఆ ప్రభుత్వము మాటలాడుమన్నంతవరకే విన్నది. దాని రచయితలు నిజముగా నోరువిప్పిన క్షణమున ఈ వైపున వినుటకు చెవి లేదు. దోషము మాస్కోది మాత్రమే కాదు. 1964నుండి 1990వరకు భారత కమ్యూనిస్టు పార్టీ ప్రధానకార్యదర్శి చండ్ర రాజేశ్వరరావు. సోవియట్ మైత్రి భారము ఇరువదియారేండ్లు ఒక తెలుగువాని భుజముపై నుండెను. గోర్బచేవ్‌ను ఉద్ధారకుడనియు, విద్రోహియనియు తెలుగు వేదికలపై ఎంతయో వాదము జరిగినది. ఆ వాదమున పాల్గొన్నవారిలో ఆ నవలలను చేతబట్టినవారు ఎందరు? వాదించుటకు వ్యాసము చాలును. అనువదించుటకు ఏండ్లు పట్టును.

గోర్బచేవ్ స్వయముగా వ్రాసిన ‘పెరిస్త్రోయికా’ 1987లో వెలువడినది. అమెరికా ప్రకాశకుల కోరికపై వ్రాసితినని ఆయనయే చెప్పుకొన్నాడు. అందు సామాన్యపౌరుల లేఖలు కొన్ని ఉదాహరింపబడినవి. ఆ లేఖలే పుస్తకములో బ్రదికియున్న భాగము. అయినను అవి గ్రంథకర్త పక్షమున సాక్ష్యమిచ్చుటకు పిలువబడినవారి మాటలవలె నుండును. సాక్షికి ప్రశ్నించు హక్కు లేదు. కోట్కిన్ పుస్తకములో అదే పౌరుడు ప్రశ్నించును. రెండింటిని వరుసగా చదివినవారికి ఈ భేదము దాగదు.

అనువాదకులకు మిక్కిలి పనికివచ్చునది ఆ రెండు మాటల సంగతి. తెలుగు పత్రికలు ‘గ్లాస్‌నోస్త్’, ‘పెరిస్త్రోయికా’ అని యథాతథముగ వ్రాసినవి. అపుడపుడు ‘బహిరంగత’, ‘పునర్నిర్మాణము’ అనినవి. ‘గ్లాస్‌నోస్త్’ 1860ల సంస్కరణలనాడే రష్యాలో వాడుకలోనున్న పాతమాట. దాని మూలము ‘గ్లాస్’, అనగా గొంతు. ‘బహిరంగత’ అనగా వెలుపలి రంగస్థలము. అది కంటికి సంబంధించినది. రష్యను మాట చెవికి సంబంధించినది. తలుపు తీయుట వేరు, నోరు తెరచుట వేరు. తలుపు ప్రభుత్వము తీయును. నోరు మనుష్యుడే తెరువవలెను. ‘వెల్లడి’ అనినచో కొంత దగ్గర. ‘నోరువిప్పు’ అనినచో ఇంకను దగ్గర, కాని సంపాదకీయములకు అది నాటుగా తోచియుండును. ‘పెరిస్త్రోయికా’ ఇంతకన్న చిక్కు. ‘స్త్రోయిత్’ అనగా కట్టుట. ‘పునర్నిర్మాణము’ అనగానే తెలుగువానికి కూలగొట్టి మరల కట్టిన ఇల్లు మనసుకు వచ్చును. కాని రష్యను క్రియకు వాద్యముల శ్రుతి మార్చుట, సైన్యపు వరుసలను సరిదిద్దుట అను అర్థములును కలవు. గోర్బచేవ్ శ్రుతి సవరింపదలచెను. లోకము కూల్చివేతను చూచినది. ఏదో ఒక్క మాటతో తృప్తిపడి యుండినచో తెలుగువారికి ఈ వైరుధ్యము తోచెడిది కాదు. మాటను మార్చకయే ఉంచుకొనుటచేత అసలు చర్చయే పుట్టలేదు. రాచమల్లు రామచంద్రారెడ్డి ‘అనువాద సమస్యలు’ 1987లోనే వెలువడి, మరుసటి సంవత్సరము సాహిత్య అకాదెమీ పురస్కారమును పొందినది. ఆ సంవత్సరమే ఆయన గతించెను. మాస్కోలో పనిచేసి వచ్చిన ఆ పదునైన కలము ఈ రెండు మాటలమీద ఏమి తీర్పు చెప్పియుండెడిదో యని తలపు పోకుండునా?

1991 ఆగస్టు 19వ తేదీన మాస్కోలో కుట్ర జరిగినప్పుడు భారతప్రధాని ఒక తెలుగు రచయిత. విశ్వనాథ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’ అను పేర హిందీలోనికి తెచ్చిన పి.వి. నరసింహారావు ఆ జూన్‌లో పదవి చేపట్టి, జులైనుండి దేశార్థికవిధానమును మార్చనారంభించెను. తొందరపడి సంస్కరణ చేయువారికి గోర్బచేవ్ పతనము ఒక పాఠమను భావమును ఆయన ఆనాడు వెలిబుచ్చగా, కుట్రను సమర్థించుచున్నాడని నిందలు వచ్చినవి. మూడు దినములకే కుట్ర విఫలమగుటచేత ఆ మాట మరింత ఎబ్బెట్టయినది. దౌత్యముగా అది పొరపాటే. కాని అనువాదకుని స్వభావమునుబట్టి చూచినచో దానిలో ఆశ్చర్యము లేదు: మూలమును ఎంతవేగముగా మార్చినచో అర్థము చెడునో అని శంకించువాడు మాటలాడినట్లున్నది. 1992 ఆగస్టు 1వ తేదీన విశాఖ ఉక్కు కర్మాగారమును జాతికి అంకితముచేసినవాడును ఆయనయే. ఆ కర్మాగారమునకు 1979లో ఒప్పందము చేసికొన్న సోవియట్ దేశము అప్పటికి ప్రపంచపటమున లేదు; మొదటి కొలిమి ‘గోదావరి’ మాత్రము 1990నుండి మండుచునే యుండెను.

ఒస్త్రోవ్‌స్కీ నవల తెలుగున ‘కాకలు తీరిన యోధుడు’ అయినది. రష్యను పేరునకు ‘ఉక్కు ఎట్లు పదునెక్కినది’ అని అర్థము. తెలుగు పేరులో ఉక్కు లేదు. కాని ‘కాక’ యున్నది, కొలిమి వేడి యున్నది. జంషెడ్‌పూరులో కొలిమియొద్ద పనిచేసి వచ్చిన తెలుగువానికి ఆ మాట నిఘంటువు చూడకయే తెలియును. సోవియట్ యుగపు అనువాదములలో ఇంతటి నేర్పు కలదు. ఆ నేర్పు నేడు ‘కొత్లవాన్’మీద ప్రయోగింపబడవలెను. కార్మికులందరు నివసింపబోవు మహాభవనమునకు పునాదిగొయ్యి త్రవ్వుచునే యుందురు, గొయ్యి పెద్దదగుచుండును, భవనము లేవదు. ‘స్త్రోయిత్’ అను క్రియను ప్రభుత్వభాషలోనుండి ఊడబెరికి ప్లతోనోవ్ చేసిన పని అది. సభలలోని తీర్మానముల భాషయు, చదువురాని కూలివాని పలుకును అతని వాక్యములో ఒకదానిమీద ఒకటి ఒరగి నడచును. కోట్కిన్ 1995లో ప్రకటించిన ‘మాగ్నెటిక్ మౌంటెన్’లో దీనినే చరిత్రకారుని పద్ధతిలో చూపెను: మాగ్నితోగోర్‌స్క్‌లో బ్రదుకవలసినవాడు బోల్షెవిక్కు భాష మాటలాడ నేర్చుకొనెననియు, నమ్మకమున్నను లేకున్నను ఆ భాషలోనే ఇల్లు అడిగెననియు, ఉద్యోగమడిగెననియు అతని నిరూపణము. ‘బోల్షెవిక్కు మాటలాడుట’ యను ఆ పలుకుబడిని తెలుగు చేయవలసివచ్చినచో, కంపెనీ కార్యాలయమున ఒక భాషయు, సంఘపుసభలో ఒక భాషయు, బిష్టుపూరు గుడిమెట్లమీద ఉత్తరాంధ్రపు పలుకును మార్చి మార్చి మాటలాడు జంషెడ్‌పూరు తెలుగువానినే మొదట అడుగవలెను.